ఖాళీగా కుట్టిన మూల

రెండు వేల ఇరవై మూడు, ముసురు పట్టిన శ్రావణం. బీదరులో మా గల్లీ చివర, మా ఇంటి అరుగు మీద, రేకుల చూరు కింద ఇద్దరం కూర్చుని బొంతలు కుడుతున్నాం. నేను, మొగులమ్మక్క. మొగులమ్మక్క నాకంటే పెద్దది, ఎదురింట్లో ఉంటుంది. చూపు తగ్గింది కాబట్టి సూదిలో దారం నేను ఎక్కించి ఇస్తాను. మాట్లాడడానికి మాత్రం ఆమెకు ఎవరి సాయమూ అక్కర్లేదు.

ఈ పని తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. పాత చీరలు, ధోవతులు జనం మూట కట్టి తెస్తారు. వాటిని ఉడుకు నీళ్లలో పిండి, ఆరేసి, చిరిగిన మేర కత్తిరించి తీసేస్తాం. అడుగున ఒక గట్టి గుడ్డ పరుస్తాం. దాన్ని అస్తర్ అంటాం. దాని మీద పాత గుడ్డలు పొరలు పొరలుగా వేసి, అంచు నుంచి లోపలికి చుట్టూ తిరుగుతూ చిన్న చిన్న కుట్లు, మా మాటలో టాకాలు, వేసుకుంటూ పోతాం. ఒక్క మూల మాత్రం చివరిదాకా మూయం. అందులో పిడికెడు గింజలో, రొట్టె ముక్కో పెట్టి అప్పుడు కుట్టేస్తాం. బొంత కడుపు ఖాళీగా ఉంటే దాని మీద పడుకున్నవాళ్లకు నిద్ర పట్టదని మా పెద్దల నమ్మకం. దీన్ని ముద్ద పెట్టడం అంటాం. బొంత పాతబడితే విప్పేయం. పైన కొత్త గుడ్డ వేసి మళ్లీ కుడతాం. ఆ ఒక్క మూల మాత్రం విప్పి, పాత ముద్ద తీసి కొత్తది పెడతాం.

ఇదంతా చిన్నప్పుడే చేతికి వచ్చింది. రాయడం మాత్రం నలభై దాటాక వచ్చింది. ఆడవాళ్ల సంఘంలో ముందు కన్నడ అక్షరాలు నేర్పారు. తెలుగు వాటికి తోబుట్టువే కదా, కొన్నాళ్లకు అదీ పట్టుబడింది. ఇప్పుడు ఈ సంగతి రాయగలుగుతున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం ఒకామె వానలో గొడుగు తన మీద కాకుండా చేతిలోని సంచి మీద పట్టుకుని వచ్చింది. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. చీర సగం తడిసింది, సంచి మాత్రం పొడిగా ఉంది.

"బొంతలు కుట్టే ఈరమ్మక్క ఇల్లు ఇదేనా?"

"ఇదే. ఆమె పని చేస్తది, నేను కూసొని తప్పులు పడ్త," అన్నది మొగులమ్మక్క. "పైకి రా బిడ్డా, మస్తు తడిసినవ్."

ఆమె పేరు శోభ. బసవకళ్యాణ్‌లో బస్టాండు దగ్గర మొగుడూ పెళ్లాం టిఫిన్ బండి నడుపుకుంటారు. సంచిలోంచి బొంత తీసి, పసిపిల్లను పడుకోబెట్టినంత మెల్లగా నా ముందు పెట్టింది. బాగా పాతది. రంగులన్నీ ఒకే రంగులోకి దిగిపోయాయి. అంచులు పీలికలైపోయాయి.

"ఇది మా అమ్మది," అన్నది.

ఆమె చెప్పుకొచ్చింది. వాళ్లమ్మది ఇక్కడికి దగ్గర్లోని చిమ్కోడ్ ఊరు. మహారాష్ట్ర వైపు, లాతూరు జిల్లాలోని ఒక ఊరికి ఇచ్చారు. తొంభై మూడు భూకంపంలో ఆ ఇంట్లో శోభ తప్ప ఎవరూ మిగల్లేదు. అప్పుడు ఆమెకు అయిదేళ్లు. మేనమామ పోయి వెతికి తెచ్చుకున్నాడు. చిమ్కోడ్‌లో మామ, అత్తమ్మ పెంచి పెళ్లి చేశారు. మామ ఈమధ్యే పోయాడు. వాళ్లమ్మ ఫొటో కూడా లేదు. తనతో వచ్చింది ఈ బొంత ఒక్కటే.

"మా బిడ్డ కాలేజీకి కలబురగి పోతాంది, హాస్టల్ల ఉంటది. అమ్మమ్మ బొంత నేను తీస్కపోత అంటాంది. చినిగిపోతాంది గద, గట్టిగ చేపిద్దామని తెచ్చిన." తడిసిన కొంగు పిండుకుంది. "అక్కా, ఇంకొక మాట ఉన్నది. మొన్న ఒక పెండ్లిల మా నాయన ఊరి దిక్కు ఆమె కలిసింది. దీన్ని జూసి, అప్పుడు టెంటులల్ల పంచిన బొంతలు గిట్లనే ఉండె అన్నది. ఆమె ఊకెనే అన్నది. నాకు మాత్రం అప్పటిసంది అన్నం బుక్క దిగుతలేదు. కుట్టు జూసి ఎవల చెయ్యో నువ్వు చెప్తవంట. మా అమ్మ కుట్టిందేనా, కాదా? గంతే చెప్పు."

"మీ అత్తమ్మను అడగరాదా?" అన్నాను.

"అత్తమ్మ మీ అమ్మదే అనే చెప్తది, చిన్నప్పటిసంది. మళ్ల అడిగితే, నా మాట నమ్ముతలేదని బాధ పడ్తది. ఆమె నన్ను కన్నబిడ్డలెక్క సాదింది అక్కా."

బొంతను తిరగేసి చూశాను. పైగుడ్డ తరువాత ఎప్పుడో వేసింది. కింది టాకాలు చూడాలంటే ఒక చిరుగులోకి వేలు పెట్టి విప్పాలి. అంచు నుంచి లోపలికి చుట్టూ తిరిగే కుట్టు కనిపించింది. నేను చూసినంత మటుకు అవతలి మహారాష్ట్ర వైపు వాళ్లు ఎక్కువగా అడ్డ వరుసలు కుడతారు.

"ఇది మన దిక్కు చెయ్యే," అన్నాను.

శోభ ముఖం వెలిగింది. మా అమ్మ చిమ్కోడ్ ఆమెనే గద అన్నది. నేను తొందరపడొద్దని చెప్పాను. మన దిక్కు చేతులు చాలా ఉన్నాయి. మీ ఇంట్లో ముద్ద ఏం పెడతారని అడిగాను.

"ఎర్రగుడ్డల పసుపు జొన్నలు మూట గట్టి పెడ్తం. అత్తమ్మకు మా అమ్మమ్మ నేర్పింది. అంటే మా అమ్మకు గుడ ఆమెనే నేర్పి ఉంటది గద?"

"అయితే మూల విప్పినప్పుడు తెలుస్తది. ఉంచిపో. ఎల్లుండి రా."

చాయ పెట్టి ఇచ్చాను. వాన తగ్గేదాకా కూర్చున్నది. బీదరులో నా వయసు వాళ్ల ముందు ఆ భూకంపం మాట వస్తే చాలు, ఎవరికి వాళ్లు ఆ రాత్రి తామెక్కడున్నదీ చెప్పకుండా ఊరుకోరు. ఏళ్లు గడిచినా ఒక్క మాట మారదు. మొగులమ్మక్కది నేను ఎన్నిసార్లు విన్నానో.

"మా ఆయన గణపతిని సాగనంపి, దుంకి దుంకి అలిసిపోయొచ్చి పండిండు," అని మొదలుపెట్టింది. "తెల్లారుగట్ల భూమి ఊగింది. అటక మీది గిన్నెలన్ని నా మీద పడ్డయ్. లేచి జూస్తె ఈయన లేడు. బయట గల్లీల నిలబడి, ఉరుకున్రి ఉరుకున్రి అని లోకమందరికి చెప్తుండు. పెండ్లం ఇంట్ల ఉన్నదని మాత్రం యాదికి లేదు. నేను నెత్తి మీద గిన్నెతోటి బయటికొస్తె, నన్ను జూసి, అరె నువ్వున్నవా అన్నడు."

శోభ నవ్వింది. వచ్చాక అదే మొదటి నవ్వు. "నువ్వు అక్కా?" అని నన్ను అడిగింది.

నాకు అప్పటికి పెళ్లై ఏడాది. తిరగలి పక్కన పడుకున్నాను. రాళ్లు ఒకదాని మీద ఒకటి గరగరలాడితే, అత్త అంత పొద్దున్నే పిండి విసురుతున్నదనుకుని గాబరాగా లేచాను. చూస్తే అత్త నా పక్కనే పడుకుని ఉంది. తిరగలి దగ్గర ఎవరూ లేరు. ఇద్దరం వాకిట్లోకి ఉరికాం. అత్త చేతిలో సగం కుట్టిన బొంత ఉంది. నగ ఉన్న పెట్టె లోపలే ఉంది.

మేమిద్దరం చెప్పడం అయ్యింది. శోభను ఎవరం అడగలేదు. ఆమే చెప్పింది.

"అందరికీ యాది ఉంటది. నాకే లేదు. నోట్ల మట్టి ఒక్కటి యాదికుంది. అమ్మ మొఖం రాదు, గొంతు రాదు. ఈ బొంత వాసన జూసి, గిదే అమ్మ అనుకుంట." వాన తగ్గిందంటూ లేచి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున మూల విప్పాను. పైగుడ్డ తీసి, కింది పాత కుట్టు కత్తెరతో ఒక్కొక్క టాకా తెంపి, వేళ్లు లోపలికి పెట్టాను. ఎర్రగుడ్డ తగల్లేదు. జొన్న లేదు. రొట్టె ముక్క లేదు. గింజ ఎంత పాతబడినా పొట్టు మిగులుతుంది. పురుగు తిన్నా పిండి మిగులుతుంది. నేను మూల మొత్తం తిరగేసి అరుగు మీద దులిపాను. ఏమీ రాలలేదు.

మొగులమ్మక్క చేతిలో పని ఆపి నావైపు చూసింది. ఇద్దరం ఒకటే సంగతి తలుచుకున్నాం.

భూకంపం తెల్లారే లారీలు తిరిగాయి. గోధుమపిండి, పాత బట్టలు, దుప్పట్లు ఏవి ఉంటే అవి ఇమ్మని మైకులో అడిగారు. లాతూరు వైపు ఇళ్లు కూలినవాళ్లు ఆరుబయట ఉన్నారు, పైన వాన. మేము కూడా మళ్లీ ఊగుతుందన్న భయంతో వాకిళ్లలోనే పడుకుంటున్నాం. అయినా మా అత్త మేము కప్పుకున్న బొంతే మడిచి లారీలో వేసింది. చినిగింది ఇద్దామని ఎవరో అంటే, చినిగింది కప్పుకునే గతి మనకు పడితే మనమే కప్పుకుందాం అన్నది. తరువాత గల్లీ ఆడవాళ్లంతా ఈ అరుగు మీదే కూర్చుని, పెట్టెల్లో ఉన్న గుడ్డ తీసి, లారీ వచ్చినప్పుడల్లా ఇచ్చేందుకు కుడుతూనే ఉన్నారు. నేను మొదటి బొంతకు మూలలో జొన్నలు పెట్టబోతే అత్త చెయ్యి పట్టుకుంది.

"చావింటికి పొయ్యే బొంతల మెతుకు పెట్టొద్దు బిడ్డా. ఊరు ఊరంత పొయ్యి ఆరింది. ఖాళీగనే కుట్టు. వాళ్ల పొయ్యి ముట్టినంక వాళ్లే విప్పి పెట్టుకుంటరు."

అట్లా ఆ రోజుల్లో మా గల్లీలో, పక్క గల్లీలో, బగ్దల్ ఊరి నుంచి వచ్చిన ఆడవాళ్లు కూడా, అందరం మూలలు ఖాళీగానే కుట్టాం. మామూలు రోజుల్లో మా దిక్కు చెయ్యి ఖాళీ మూల కుట్టదు. ఈ బొంత మా అరుగు మీదిదే అని నేను అనను. ఎన్నో అరుగుల మీద కుట్టారు. కానీ ఇది ఎక్కడికి పోయేందుకు కుట్టిందో మాత్రం తెలిసిపోయింది. శోభ వాళ్లమ్మ కుట్టింది కాదు.

"ఎర్రగుడ్డ నా దగ్గర ఉన్నది," అన్నది మొగులమ్మక్క మెల్లగా. "జొన్నలు నీ దగ్గర ఉన్నయ్. జరంత పసుపు. మూట గట్టి పెట్టి కుట్టెయ్. దొరికింది అని చెప్పు. పిల్ల బేఫికరుగ పోతది."

"అబద్ధం గద అక్కా."

"ఎవలికి నష్టం?"

బొంత మడిచి పక్కన పెట్టాను. ఆ రోజంతా వేరే పని పట్టుకున్నాను గానీ చెయ్యి సాగలేదు. ముప్పై ఏళ్లుగా ఒకామె ఒక గుడ్డను అమ్మ అనుకున్నది. దాన్ని తీసేసే హక్కు నాకెక్కడిది? కానీ ఆమె నన్ను కుట్టమని మాత్రమే అడగలేదు, చెప్పమని అడిగింది. ఊరుకోబెట్టే మాట కావాలంటే అది ఆమె దగ్గర ఇదివరకే ఉంది. అది సరిపోక, అన్నం దిగక వానలో నా దగ్గరికి వచ్చింది.

చెప్పిన రోజున శోభ వచ్చింది. నేను విప్పిన మూల ఆమె చేతికిచ్చాను. వేళ్లు లోపల పెట్టి చూసింది. తీసి మళ్లీ పెట్టింది. లారీల సంగతి, మా అత్త మాట, అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు. బొంతను మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది.

"నాతోని చిమ్కోడ్ వస్తవా అక్కా?" అన్నది. "ఒక్కదాన్ని పోతే ఏం మాట్లాడ్తనో నాకే తెల్వదు."

మొగులమ్మక్క నా చేతిలోంచి సూది తీసుకుని, "పో," అన్నది.

చిమ్కోడ్‌లో ఆమె అత్తమ్మ అంజమ్మ గడప దగ్గర కూర్చుని చాటలో జొన్నలు చెరుగుతున్నది. బక్కగా, చెవులకు పెద్ద కమ్మలతో ఉంది. శోభను చూసి ఏదో అనబోయి, ఆమె చంకలోని బొంతను, వేలాడుతున్న మూలను చూసింది. చాట ఆగింది.

"ఎవలు విప్పిన్రు దాన్ని?"

"నేనే విప్పిచ్చిన అత్తమ్మా. ఇది యాడిది?"

అంజమ్మ నన్ను చూసింది. నేను బొంతలు కుట్టేదాన్నని చెప్పాను. ఆమెకు ఇంకేమీ చెప్పే పని లేకపోయింది. చాట పక్కన పెట్టి శోభను కూర్చోమన్నది. శోభ కూర్చోలేదు.

"మీ మామ లారీ ఎక్కి పొయ్యిండు," అన్నది అంజమ్మ. "ఊరు లేదు అక్కడ. మీ ఇల్లు ఏదో పోల్చుకోలేదంట. తిరిగి తిరిగి టెంటులల్ల జూసిండు. ఎవలో ముసలామె, ఎవలో తెల్వదు, నిన్ను ఒళ్లె పండబెట్టుకొని ఈ బొంత కప్పింది. ఆ మూల గట్టిగ పట్టుకున్నవంట. ఇడిపిస్తె ఏడ్సినవంట. అందుకే బొంతతోనే ఎత్తుకొచ్చిండు. తర్వాత పైగుడ్డ వేసినప్పుడు గుడ, నువ్వు పట్టుకున్న ఆ మూల నేను విప్పలె."

"మరి నాకెందుకు అట్ల చెప్పినవ్?"

"ఇంటికొచ్చినంక నువ్వు పండలె బిడ్డా. అమ్మ ఏది, అమ్మ ఏది అన్నవ్. నాకేం చెప్పాల్నో తోచలె. ఇది మీ అమ్మ బొంతనే, పండు అన్న. మొఖానికి ఒత్తుకొని పండినవ్. ఇగ తెల్లారి కాదని ఎట్ల చెప్పాలె?"

బయట కోడి ఒకటి చాట దగ్గరికి వచ్చి జొన్నలు తింటున్నా ఎవరూ అదిలించలేదు.

"పెద్దగైనంక చెప్దామనుకున్న. పెండ్లైనంక అనుకున్న. నీకు బిడ్డ పుడితె దాన్ని గుడ దీంట్లనే పండబెట్టినవ్. ఇగ నోరు రాలె." అంజమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "ఒక్క మాట చెప్పాలె శోభా. మీ అమ్మకు సూది పట్టుడు రాదు."

శోభ తల ఎత్తింది.

"జన్మల ఒక్క బొంత కుట్టలె. మా అత్త బొంత పరిస్తె చాలు, గోడ దుంకి చేనుకు ఉరికేది. మా పెండ్లికి ఒక దిండు కుడ్త అని మొదలుపెట్టి, నాలుగు మూలలకు మూడు మూలలే తెచ్చింది. ఆ దిండు జూసి మీ మామ వారం దినాలు నవ్విండు. కలుపు తీసేకాడ మాత్రం మీ అమ్మ ముందట ఎవలూ నిల్వలేరు. పాట అందుకుంటే రెండు చేన్ల అవతలికి ఇనబడేది. గొంతు మొగరాయని గొంతు లెక్క ఉండేది."

శోభ గడప మీద కూర్చుంది. "గివన్ని ఎన్నడూ చెప్పలే నువ్వు."

"ఎట్ల చెప్త? ఆమెను బొంత కుట్టేదాన్ని చేసి పెట్టిన. ఏ ముచ్చట తీసినా గది బయటపడ్తదని భయం. ఒక్క మాటకు మీ అమ్మ ముచ్చట్లే బంద్ జేసుకున్న. నాకు ఆడబిడ్డ గాదు ఆమె, దోస్తు. భూమి ఊగినప్పుడు ఈ గడపలనే నిలబడి మొదలు ఆమె పేరే తీసిన."

శోభ అత్తమ్మ మోకాలి మీద తల పెట్టింది. అప్పుడు ఏడ్చింది, మధ్యలో నవ్వింది. "మూడు మూలల దిండు," అని మళ్లీ అన్నది. ఇంకేముంది చెప్పు అన్నది. అంజమ్మ చెప్పసాగింది. నేను కోడిని అదిలించి, చాట తీసుకుని మిగిలిన జొన్నలు చెరిగాను. నాకు అక్కడ వేరే పని లేదు.

పొద్దు వంగేటప్పుడు శోభ బొంత నా ముందు పరిచింది. "ఈడనే మూయి అక్కా. అప్పటిసంది ఖాళీగ ఉన్నది."

"కొత్త గుడ్డ వేసినంక మూస్తరు," అన్నాను.

"పైది తర్వాత వెయ్యి. లోపలిది ఇయ్యాల పెట్టు."

అంజమ్మ లోపలికి పోయి ఎర్రగుడ్డ తెచ్చింది. నేను చెరిగిన చాటలోంచే జొన్నలు తీసి, పసుపు కలిపి, శోభ చేత మూట కట్టించింది. శోభ దాన్ని మూలలో పెట్టింది. నేను కుడుతుంటే అంజమ్మ టాకాలు చూసి, "పొడుగు పడ్తున్నయ్," అన్నది. నిజమే, విప్పి మళ్లీ చిన్నగా వేశాను.

తరువాత బొంతకు కొత్త పైగుడ్డ వేసి, అంచు తిప్పి, గట్టిగా చేసి ఇచ్చాను. శోభ బిడ్డ దాన్ని కలబురగి తీసుకుపోయింది. దసరా సెలవులకు శోభ తన బిడ్డతో మా అరుగు మీదికి వచ్చింది. హాస్టల్లో ఇది ఎవరి బొంత అని అడుగుతారట.

"ఏం చెప్తవ్?" అన్నది మొగులమ్మక్క.

"మా అమ్మమ్మలది అని చెప్త," అన్నదా పిల్ల. "ఎంతమంది అని అడిగితే, తెల్వదని చెప్త." మొగులమ్మక్క ముక్కు చీదుకుని, ఆ పిల్లను తన పక్కన కూర్చోబెట్టుకుని, భూమి ఊగిన రాత్రి గిన్నెలు నెత్తి మీద పడ్డ సంగతి మొదటి నుంచీ ఎత్తుకుంది.

శోభ వచ్చేదాకా, లారీ ఎక్కిన మా బొంతలు ఎక్కడో ఎవరినో చేరాయి అనుకోవడమే గానీ, ఒక్క మనిషి ముఖం కూడా నాకు తెలియదు. మా అత్త మాటలో ఒక లోటు ఉందని కూడా తట్టలేదు. వాళ్లే విప్పి పెట్టుకుంటారు అన్నది ఆమె. గట్టిగా కుట్టేసిన మూలను చూసి, ఇది విప్పాలని వాళ్లకెట్లా తెలుస్తుంది? ఎవరూ విప్పలేదు.

ఇప్పుడు వరదనో, ఇల్లు కాలిందనో ఎవరైనా బొంత అడిగితే, నేను ఆ మూల కుట్టను. తెరిచే పంపిస్తాను. మూయడానికి సరిపోయేంత దారం వేలాడేసి ఉంచుతాను. తీసుకుపోయేవాళ్లతో, మళ్లీ పొయ్యి వెలిగించిన రోజు ఇందులో ఏదైనా ఇంత పెట్టి మూసుకోమని చెప్పి పంపిస్తాను. మర్చిపోతే ఎట్లా అని మొగులమ్మక్క అంటుంది. వేలాడే దారం గుర్తు చేస్తుందని చెబుతాను.